తిప్పమ్మ మోసిన నింద

నర్సు తిప్పమ్మను పూడ్చే దినం ఎర్రబండపల్లి వాడలో నిలబడేదానికి చోటు లేదు. ముదిగుబ్బ ఆసుపత్రి వాళ్లు మూడు మైళ్లు నడిచి వచ్చినారు. నల్లమాడ దిక్కు నుంచి రెండు ఎద్దులబండ్లు వచ్చినాయి. చిలమత్తూరు నుంచి ఒకామె ముగ్గురు పిల్లోళ్లను వెంటేసుకొని, బస్సులు మారి మారి వచ్చి, "ఈ ముగ్గుర్నీ పురుట్లో పట్టింది ఈయమ్మే" అని కనపడిన ప్రతివాళ్లకూ చూపించుకొంటాంది. అరవై ఆరో సంవత్సరం, ఎండాకాలం. రెండేండ్లుగా వాన మొగం ఎరగని నేల. గుంత తవ్వేవాళ్లకు మూడడుగులకే బండ తగిలింది. తిట్టుకొంటా ఇంకో చోట మొదలుపెట్టినారు. అందుకని శవం మధ్యాన్నం దాకా వాకిట్లోనే ఉండాల్సొచ్చింది.

ఆ వాకిట్లోనే ముసిల్ది సుంకమ్మ నోరు తెరిచింది. సుంకమ్మ అంటే తిప్పమ్మను కన్న తల్లి. ఎనభై దాటినాయి. కండ్లు కనపడవు, కాళ్లు రావు, గొంతు మాత్రం ఊరి చివర దాకా వినపడుతుంది. కూతురి తల పక్కన కూర్చోని, రొమ్ము కొట్టుకొంటా, రాగం తీసింది.

"సముద్రాలు దాటితివే నా తల్లీ! మారెమ్మను ఇడిస్తివే నా తల్లీ! నీ పాపానికి నా మునిమనవండ్లు ఇద్దరు మట్టిలో కలిసిరే! ఇప్పుడు నువ్వూ పోతివే నా తల్లీ!"

చుట్టూ ఏడ్చేవాళ్ల ఏడుపు ఆగిపోయింది. అందరూ పెద్దక్క దిక్కు చూసినారు. పెద్దక్క తిప్పమ్మకు ఒక్కగానొక్క కూతురు. మట్టిలో కలిసిన ఆ ఇద్దరు బిడ్డలూ ఈమె కడుపున పుట్టినోళ్లే.

పెద్దక్కకు మాట నాలిక చివరి దాకా వచ్చింది. తన బిడ్డలు ఎందుకు పోయినారో ఆమెకు తెలుసు. మూడేండ్లుగా తెలుసు. తనతో పాటు తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆ చాప మీద కండ్లు మూసుకొని పండుకోనుండాది. చెబితే, అమ్మ మీద పదహారేండ్లుగా ఉన్న నింద ఈ జనం ముందరే తుడిచిపెట్టుకపోతుంది. చెబితే, తనను సాకి పెద్దచేసిన అవ్వ ఈ పొద్దే గుండె పగిలి చస్తుంది. జనమంతా మళ్లా ఇట్ల ఒక్క చోట చేరేది ఎప్పుడు? గుంత అయ్యేలోపల తేల్చుకోవల్ల.

తిప్పమ్మ బతుకు అట్లాంటిట్లాంటి బతుకు కాదు. పద్నాలుగేండ్లకు పెండ్లి, పద్దెనిమిదికి పెద్దక్క పుట్టింది, ఇరవై నిండేటప్పటికి మొగుణ్ని కలరా ఎత్తుకపోయింది. రెండేండ్ల పిల్లను తల్లి ఒళ్లో పడేసి, మిషను ఆసుపత్రిలో కసువు ఊడ్చే పనికి పోయింది. చీపురు పట్టుకొని పోయిన మనిషి నాలుగేండ్లకు తెల్లచీర కట్టుకొని, కాళ్లకు చెప్పులేసుకొని, కాన్పులు చేసే సర్టిఫికెట్టు పట్టుకొని వచ్చింది. కిరస్తానీ మతంలో గూడా కలిసింది.

సుంకమ్మ అప్పుడు గడపలో నిలబడి కిందికీ మీదికీ చూసిందంట. "ఏందే ఈ వేషం, కోమటోళ్ల ముండమోపి మాదిరి? కాన్పులు చేసేది నీకు ఆ ఆసుపత్రి దొరసాని నేర్పాల్నా? ఇంట్లో నేను సచ్చిపోయుంటినా?"

ఆ మాటలో న్యాయం లేకపోలేదు. సుంకమ్మ ఐదూర్లకు మంత్రసాని. ఆరువందల బిడ్డల్ని పట్టిన చెయ్యి. "మంత్రసానితనానికి ఒప్పుకున్నాక బిడ్డొచ్చినా పట్టల్ల, పియ్యొచ్చినా పట్టల్ల" అనేది. అన్నట్లే ఎండా వానా అనకుండా ఎవురు పిలిచినా లేచిపోయేది. రెడ్డోళ్ల ఇంటికీ పోయేది, కూలోళ్ల గుడిసెకూ పోయేది. బొడ్డు కోసేదానికి ఆమెకొక కొడవలి ఉండేది. దాంతో గడ్డి కోయనిచ్చేది కాదు, జొన్నచొప్ప ముట్టనిచ్చేది కాదు. బొడ్డు కోసి, పొయ్యిలో బూడిద చిటికెడు అద్ది, మారెమ్మ పేరు చెప్పి బిడ్డను తల్లి పక్కలో పెట్టేది. వాళ్లమ్మ అట్లనే చేసింది, వాళ్లవ్వ అట్లనే చేసింది.

రెండో పెద్దయుద్ధమొచ్చినప్పుడు తిప్పమ్మ పట్టాళం ఆసుపత్రిలో చేరింది. బొంబాయిలో ఓడెక్కి అరబ్బుల దేశంలో బస్రాకు పోయింది. ఆడ మూడేండ్లు, మళ్లా రంగూన్‌లో ఒక సంవత్సరం. ఆమె జాబులు బడిపంతులు చదివి వినిపిస్తాంటే వాడంతా చేరేది. "ఈడ మన ఈతచెట్ల మాదిరి చెట్లుండాయి, పండ్లు మాత్రం బొటనవేలంత. మనూర్లోనే ఎండ అనుకొంటిమి, ఈ ఎండ ముందర అది నీడ" అని రాసేది. జనం నోరెళ్లబెట్టి వినేవాళ్లు. పెద్దక్క మాత్రం మూల కూర్చోని, జాబు చివర్లో తన పేరు ఎప్పుడొస్తుందా అని కాసుకోనుండేది. చివర్లో వచ్చేది, ఒక్క వాక్యం. ఆ పిల్ల పెద్దమనిషైనప్పుడు పసుపునీళ్లు పోసింది అవ్వ. జ్వరమొస్తే పొట్లాలు తెచ్చింది అవ్వ. అమ్మ అంటే ఆమెకు బడిపంతులు గొంతు.

తిరిగొచ్చినాక సర్కారు ఉద్యోగం ఇచ్చినారు. కదిరి, మడకశిర, చిలమత్తూరు, నల్లమాడ, ఒకచోట కాలు నిలవలేదు. కరువు సంవత్సరాల్లో, గంజికేంద్రాల ముందర జనం ముంతలు పట్టుకొని నిలబడిన దినాల్లో, తిప్పమ్మ చేతిలో తోలుసంచి పట్టుకొని పల్లె పల్లె నడిచింది. పెద్దకులం ఇండ్లలో పెరటి వాకిట్లో నుంచి లోపలికి పిలిచేవాళ్లు. కాన్పు అయినాక ఆమె నిలబడిన చోట నీళ్లు చల్లేవాళ్లు. ఒక ఇంట్లో ముసలామె అట్ల చల్లుతాంటే, "అమ్మా, ఈ కరువులో ఆ నీళ్లు నేల పాలు చేసేదానికన్నా కాగబెట్టి బాలింతకు తాపితే పుణ్యమొస్తుంది" అనిందంట. ఆ ముసలామె చెంబు కింద పెట్టేసిందని ముదిగుబ్బ సంతలో చాన్నాళ్లు చెప్పుకొని నగినారు. అట్లాంటి నోరు ఆమెది. ఎవురికీ బాకీ పడని నోరు. ఒక్క తల్లి ముందర మాత్రం ఆ నోరు లేసేది కాదు.

పెద్దక్కకు పుల్లన్నతో పెండ్లయింది. పుల్లన్న గొర్రెలు కాసేవాడు, నెమ్మదైన మనిషి, ఇల్లరికం మాదిరి సుంకమ్మ ఇంట్లోనే ఉండిపోయినాడు. యాభైలో మొదటి కాన్పు. మొగబిడ్డ. సుంకమ్మే పట్టింది. ముత్తవ్వ చేతుల మీద మునిమనవడు పుట్టడమంటే మాటలా! వాడంతా బెల్లం పంచింది. ఏడోదినం పొద్దున బిడ్డ పాలు పట్టలేదు. సాయంత్రానికి దవడలు బిగుసుకొన్నాయి, ముట్టుకొంటే చాలు ఈపు ఎనక్కు వంగిపోయేది. ఎనిమిదోదినం పోయినాడు.

తొమ్మిదోదినం తిప్పమ్మ వచ్చింది. ఏడవలేదు. కూతురి పక్కన కూర్చోని, ఎప్పుడు పాలు మానేసినాడు, దవడ ఎట్ల బిగిసింది, ఒక్కొక్కటే అడిగింది. మళ్లా లేచిపోయి, చూరులో చెక్కిన కొడవలి ముందర చానాసేపు నిలబడింది. పెద్దక్కకు ఒళ్లు మండింది. బిడ్డ పోయి నేనేడుస్తాంటే ఈమె డాక్టరు మాదిరి ఆరాలు తీస్తాందే అనుకొనింది.

అప్పుడే సుంకమ్మ మొదటిసారి ఆ మాట అనింది. "నీవల్లనే. కులదేవతను ఇడిసి, సముద్రం దాటి, ఏ పీనుగుల్ని ముట్టుకొనొచ్చినావో. మారెమ్మ నీ మీద కోపం పసిబిడ్డ మీద చూపించింది."

"అయ్యుండొచ్చులే అమ్మా" అనింది తిప్పమ్మ.

పోయేటప్పుడు తల్లి చేతిలో ఒక రేకుడబ్బా పెట్టింది. లోపల బ్లేడు, దారం, తెల్లగుడ్డ. "ఈసారి కాన్పుకు వీటిని నీళ్లలో బాగా కాగబెట్టి వాడు అమ్మా. నేను ఒక నెల ముందరే వస్తా. ఒకవేళ రాలేకపోతే ఇవి వాడు." అంతే. ఎందుకో చెప్పలేదు. సుంకమ్మ ఆ డబ్బాను గూట్లో పెట్టి ఊరుకొనింది. యాభై రెండులో రెండో కాన్పు నెల ముందరే వచ్చేసింది. చిలమత్తూరికి కబురు పోయేలోపల బిడ్డ పుట్టినాడు, కొడవలితోనే బొడ్డు కోసినారు. వాడూ ఎనిమిదోదినం దాటలేదు.

ఇంక సుంకమ్మ నోటికి అడ్డం లేకపోయింది. బావి దగ్గర అనేది, కల్లంలో అనేది, చెనిక్కాయలు కొట్టేకాడ అనేది. పెద్దక్క గూడా నమ్మింది. నమ్మేదేంది, ఆమెకు అది సులభమయింది. చిన్నప్పటి నుంచి అమ్మ మీద ఉన్న కోపానికి ఒక కారణం దొరికింది. ఒకసారి మొగమ్మీదే అనేసింది: "నన్ను కని ఇడిసిపెట్టిపోతివి, చాలదని నా బిడ్డల్ని గూడా తింటివి." తిప్పమ్మ సంచి భుజానికేసుకొని బస్సుకు పోయింది.

మూడోసారి కడుపొచ్చినప్పుడు తిప్పమ్మ ఎవురి మాటా వినలేదు. ఏడోనెలలోనే వచ్చి, కూతుర్ని బండెక్కించుకొని చిలమత్తూరికి తీసుకపోయింది. "నేనుండగా పురుడు పరాయి ఊర్లోనా?" అని సుంకమ్మ మూడుదినాలు అన్నం ముట్టలేదు. చిలమత్తూరులో కదిరమ్మ పుట్టింది. ఏడోదినం గడిచింది, ఎనిమిదోదినం గడిచింది. తిప్పమ్మ ఆ ఎనిమిదిదినాలూ బిడ్డ పక్కనే కూర్చోని, నిద్రలో గూడా దాని దవడ మీద వేలు తియ్యలేదు. పిల్లనెత్తుకొని ఊరొచ్చినాక సుంకమ్మ, "నేను మారెమ్మకు పొట్టేలు మొక్కుకొంటి, అందుకే బతికింది" అని చెప్పుకొనింది. "అవునమ్మా, పొట్టేలు మొక్కు గొప్పది" అనింది తిప్పమ్మ, నగకుండా.

అరవై మూడులో ముదిగుబ్బ ఆసుపత్రిలో పల్లె మంత్రసానులకు శిక్షణ పెట్టినారు. సుంకమ్మకు చూపు పోయిందని పంచాయతీవాళ్లు ఆమె బదులు పెద్దక్క పేరు రాసి పంపినారు. వరండాలో పన్నెండుమంది ఆడోళ్లు. సగంమంది కునుకు తీస్తాండారు. చెప్పేది తిప్పమ్మ. గుడ్డబొమ్మను చేతిలో పట్టుకొని, పది ఊర్లలో చెప్పిందే ఈడ గూడా చెప్పింది.

"కొడవలితో కోసి బూడిద అద్దితే, మట్టిలో ఉండే విషం బొడ్డులో నుంచి ఎక్కుతుంది. ఏడోదినం పాలు తాగదు. దవడ బిగుస్తుంది, ఈపు వంగుతుంది. ధనుర్వాతమంటారు. దీనికీ ఏ దేవతకూ సంబంధం లేదమ్మా, గాలీ కాదు, ధూళీ కాదు..."

ఆడ ఆగిపోయింది. ఎనక వరసలో పెద్దక్క లేచి నిలబడిండాది.

సాయంత్రం ఇద్దరూ ఊరి దారిలో నడుస్తాండారు. రెండు పక్కలా ఎర్రగా బీడు. ఒక మైలు నడిచినాక పెద్దక్క అడిగింది.

"నా బిడ్డలు గూడా అట్లనే పోయినారు గదా అమ్మా?"

"ఊ."

"నీకెప్పుడు తెలుసు?"

"మొదటివాడు పోయిన మరుసటిదినమే."

"మరి అవ్వ నిన్ను ఊరందర్లో దుమ్మెత్తిపోస్తాంటే ఎట్లూరుకొంటివే? నేను నిన్ను ఎన్నేసి మాటలంటిని!" పెద్దక్క దారి మధ్యలో నిలబడి ఏడ్చేసింది.

తిప్పమ్మ సంచి కింద పెట్టి, కొంగుతో కూతురి మొగం తుడిచింది. పెద్దక్కకు బుద్ధి తెలిసినాక అమ్మ అట్ల తుడవడం అదే మొదలు.

"ఏమని చెప్పేది? అమ్మా, నీ చేత్తోనే నీ మునిమనవణ్ని చంపుకొంటివి అని చెప్పల్నా? ఆరువందల బిడ్డల్ని పట్టిన మనిషి. దాంట్లో ఏడోదినం పోయినోళ్లు ఎందరో ఆమె ఎప్పుడూ లెక్కపెట్టుకోల్యా. నేను నోరు తెరిస్తే ఆ పొద్దు నుంచి సచ్చేదాకా లెక్కపెట్టుకొంటా కూర్చుంటాది. కడుపు చించుకొంటే కాళ్ల మీద పడుతుంది పెద్దక్కా. రెండోవాడి పాపం మాత్రం నాదే. డబ్బా ఇచ్చినాను గానీ ఎందుకో చెప్పల్యా. అమ్మ నొచ్చుకుంటుందని నోరు మూసుకొంటి. ఆ నోరు అప్పుడు తెరిచింటే వాడు బతికుండేవాడు. అందుకే ఆమె అరిస్తే నాకు తగిందే అనుకొంటా. నువ్వు గూడా చెప్పొద్దు. నేను పోయినా సరే, ఆమె ఉన్నన్నాళ్లూ చెప్పొద్దు."

పెద్దక్క మాటియ్యకుండా, కింద పెట్టిన సంచి ఎత్తుకొని నడిచింది.

ఆ తరవాత తల్లీకూతుళ్ల మధ్య మాటలు వచ్చినాయి. ఆలస్యంగా వచ్చినా వచ్చినాయి. ఉద్యోగం అయిపోయి తిప్పమ్మ ఇంటికొచ్చింది ఈ సంక్రాంతి దాటినాకనే. నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ పదకొండేండ్ల కదిరమ్మ "నర్సవ్వా, నర్సవ్వా" అని ఆమె కొంగు ఇడవలేదు. దానికి తల దువ్వుతా బస్రా కతలు చెప్పేది, ఓడలో వాంతులు చేసుకొనింది అభినయించి చూపించి నగించేది. పెద్దక్క సంగటి కెలుకుతా వింటాండేది. ఇవన్నీ నాకు చెప్పాల్సినవి గదా అనుకొనేది, మళ్లా నా బిడ్డకు చెబుతాంది కదా అనుకొని ఊరుకొనేది. నిన్న పొద్దున తిప్పమ్మ గుండె పట్టుకొని కూర్చొనింది. పుల్లన్న బండి కట్టేలోపలే పోయింది.

"గుంత అయింది, లేపండప్పా" అని కేక వినపడింది.

మొగోళ్లు కదిలినారు. పాస్టరయ్య పుస్తకం తెరిచినాడు. సుంకమ్మ మళ్లా రాగమెత్తింది. "నీ పాపానికి నా మునిమనవండ్లు..."

కదిరమ్మ ఎక్కెక్కి ఏడుస్తా తల్లి చెయ్యి పట్టుకొనింది. "అమ్మా, నర్సవ్వ నిజంగానే నా అన్నల్ని చంపిందా?"

పెద్దక్కకు ఇంక ఆగలేదు. ముసిల్దాని ముందర మోకాళ్ల మీద కూర్చోని, అందరికీ వినపడేటట్లు అరిచింది.

"అవ్వా! చాలు నిలుపు! నా బిడ్డల్ని మాయమ్మ చంపల్యా! నా బిడ్డల్ని చంపింది..."

సుంకమ్మ మొగం పైకెత్తింది. చూపు లేని ఆ కండ్లు చూసేసరికి పెద్దక్క ఆ మాట మింగేసింది. ఆ ఒళ్లోనే కదా తను పెరిగింది.

"చంపింది ఎవురూ కాదు అవ్వా" అనింది మెల్లగా. "వాళ్ల ఆయుస్సు అంతే."

సుంకమ్మ తడుముకొని ఆమె చెయ్యి పట్టుకొనింది. ఆ ముసలి చేతిలో అంత బలం యాడిదో.

"నువ్వు గూడా చెప్పవా?" అనింది.

పెద్దక్కకు అర్థం కాలేదు.

"నువ్వు గూడా చెప్పవానే? రెండోవాడు పోయినాక నేను కొడవలి పట్టల్యా. మీయమ్మ ఇచ్చిన డబ్బా తీసి, ఎవురికీ చెప్పకుండా ఆ బ్లేడు కాగబెట్టి కోస్తి. చూపు పోయేదాకా అట్లనే కోస్తి. ఒక్క బిడ్డ గూడా ఏడోదినం పోలే. ఒక్కటి గూడా! అప్పటికన్నా తెలీదా నాకు? యాభైమూడు మంది పెద్దక్కా. అంతకుముందు నా చేతిలో పుట్టి ఏడోదినం పోయినోళ్లు యాభైమూడు మంది. వాళ్లమ్మల పేర్లు అడుగు, వరసగా చెబుతా."

శవాన్ని ఎత్తబోయిన మొగోళ్లు వొంగినవాళ్లు వొంగినట్లే ఉండారు.

"ఎరిగిన దానివి గదా, చెప్పు, నా మొగమ్మీద ఉమ్మెయ్యి అని మీయమ్మను ఎన్నిసార్లు కెలికినానో! ఎంత అరిచినా 'అయ్యుండొచ్చులే అమ్మా' అంటాది. దీని నోట్లో నుంచి ఆ మాట వస్తే కాళ్లు పట్టుకొని ఏడవల్లనుకొంటి. నేనై నేను చెప్పేదానికి ధైర్యం చాల్లే. ఈ పొద్దు గూడా, సచ్చినదన్నా లేచి అంటాదేమోనని అరుస్తి."

తడుముకొంటా పోయి కూతురి మొగం మీద చెయ్యి పెట్టింది. నోరు తెరుచుకోకుండా గడ్డం కింద నుంచి కట్టిన గుడ్డ వేళ్లకు తగిలింది. ఆ గుడ్డ చాప మీద పడేదాకా ముడి ఇప్పుకొంటానే ఉండిపోయింది. ఎవురూ వద్దనలేదు.